కారే గూడు

వాగు ఒడ్డున గిజిగాడి గూడు వానకు కారుతోంది. గూళ్లున్నవాళ్లంతా కూడిన సభలో మొరపెట్టుకున్నాడు.

"మాదీ అంతే!" అని నిట్టూర్చాయి పిచ్చుకలు.

"విప్పి మళ్లీ అల్లు," అంది పెద్దకొంగ.

అల్లాడు. మళ్లీ కారింది. కొంగ మాత్రం మరుసటి సభను "సమస్య తీరింది" అని ముగించేసింది.

గిజిగాడికి ఒళ్లు మండింది. నిరుడు సభలో ఇదే గోడు వెళ్లబోసుకుని, "నాది బాగైపోయింది" అంటూ చెట్టెక్కేసిన ఉడతను వెతికి పట్టుకున్నాడు.

"ఎలా బాగైంది మామా?"

"కప్పుకి లోపల బంకమట్టి మెత్తాను."

"మరి సభలో చెప్పలేదేం?"

"నాది కారడం ఆగిపోయిందిగా!"

తిట్టబోయిన గిజిగాడికి నవ్వొచ్చేసింది. మట్టి మెత్తాడు. ఆ కిటుకు పిచ్చుకలన్నిటికీ గొంతు చించుకుని మరీ చెప్పాడు.

మళ్లీ జడివాన పట్టింది.

"నా గూట్లో చుక్క పడలేదు!" అని కేకేశాడు.

గూళ్లన్నీ కేరింతలు కొట్టాయి: "మాదీ అంతే!"