ఊ అన్న పాపానికి

వీడియో మీటింగు మధ్యలో హనుమేష్ కుర్చీ వెనక పొట్టేలు అరిచింది. అతను గబుక్కున మైకు ఆపేశాడు.

"శివలీలా! ఇది యాడిది?"

"సంతలో కొంటి," అంది భార్య వంటింట్లోంచి. "మొన్న నిన్ను అడిగితి కదా, ఊ అంటివి."

"పనిలో ఉంటే ఎవరేమడిగినా నేను ఊ అంటా. అది ఒప్పుకున్నట్టా?"

ఆ మాట అనగానే అతనికి ఆఫీసు పని గురించి ఏదో తట్టింది.

హనుమేష్ కంపెనీ కోడు రాసేవాళ్ల కోసం ఒక ఏఐ టూల్ తయారుచేస్తుంది. సగం లైను టైపు చేస్తే మిగతా సగం అదే చూపిస్తుంది. నచ్చితే ట్యాబ్ మీట నొక్కాలి, అది కోడులో చేరిపోతుంది. అందరూ తెగ నొక్కుతున్నారు, తర్వాత తెగ తిడుతున్నారు. ఎందుకు తిడుతున్నారో ఇవాళ చెప్పకపోతే హనుమేష్ పని ఇంకొకరికి పోతుంది.

మైకు వేశాడు. "సార్, దొరికింది! జనం చదవకుండానే ట్యాబ్ నొక్కేస్తాండారు. నొక్కినారా అని కాదు, నొక్కినాక ఉంచుకున్నారా, చెరిపేసినారా అని చూడాల."

"ఊ," అన్నాడు కడపలోని మేనేజరు, కళ్లు ఫోనులో పెట్టి.

"దానికి తగ్గట్టు టూల్ మార్చాల సార్."

"ఊ."

హనుమేష్‌కు అనుమానం వచ్చింది. ఈలోగా పొట్టేలు చార్జరు వైరు నమలడం మొదలుపెట్టింది.

"సార్, మా పొట్టేలును మీ ఇంటికి తోలేదా?"

"ఊ."

"నేనూ విన్నా, సారు ఒప్పుకున్యాడు," అంటూ శివలీల తాడు తెచ్చింది.

హనుమేష్ అప్పటికే కడపకు ఆటో మాట్లాడుతున్నాడు.