టికెట్ కొన్న అవ్వ

"ఆడోళ్లకు టికెట్ ఫ్రీ అవ్వా. ఆధార్ కార్డు చూపిస్తే చాలు," అన్నాడు కండక్టర్.

ఎర్ర చీర అవ్వ కార్డు సగం తీసి, మళ్లీ గుప్పిట్లో దాచేసుకుంది.

"పైసలిస్తున్న గద. టికెట్ కొట్టు."

బస్సులో ఆడవాళ్లంతా నవ్వారు. ఊరికే వచ్చేదాన్ని కొనుక్కునే తిక్కమనిషి ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే బస్సులో ఉంటుందని ఎవరనుకుంటారు?

పక్కన కూర్చున్న రమ్య కూడా నవ్వింది. పాప పుట్టిన మూడు నెలల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"పిల్లనియ్యి బిడ్డా, చేతులు గుంజుతున్నట్టున్నయి." గుప్పిట్లో కార్డుతోనే అవ్వ పాపను దుప్పటితో సహా అందుకుంది.

బయట పొలాలన్నీ మంచులో మునిగి ఉన్నాయి. బస్సు నేలమీద కాక ఎక్కడో తేలుతున్నట్టుంది. అవ్వ ఒడిలో పాప నిద్రలో నవ్వింది.

"దవాఖానకా? పాలు తాగుతలేదా?"

"మంచిగనే తాగుతది." ఎవరికీ చెప్పని మాట ఆ మంచులో దానంతటదే బయటికొచ్చింది. "కింద అందరాడపిల్లల లెక్క లేదవ్వా. కోసి సరిచేస్తమన్నరు."

"దానికి నొప్పున్నదా?"

"లేదు."

"మరెందుకు?"

వెనక సీట్లోంచి రమ్య అత్త గంగాబాయి అందుకుంది. "రేపు పెండ్లయితే మొగడేమంటడు?"

"మూడు నెలల పిల్లకు అప్పుడే మొగని గురించి రందా?" అవ్వ పాప నుదురు నిమిరింది. "నాకెరికున్న ఒక పిల్లకు గిట్లనే కోసిండ్రు. మూడుసార్లు కోసి, మగపిల్లగాడని రాసిండ్రు. ఇయ్యాలటికీ ఒంటికి పోతే మంటనే. నీకేం గావాలె అని దాన్ని ఒక్కలూ అడగలే."

"నీ బిడ్డనా అవ్వా?" అడిగింది రమ్య.

అవ్వ గుప్పిట మూసిన చేత్తోనే పాప దుప్పటి మడత సర్దింది. తాడ్వాయి రాగానే పాపను రమ్య ఒళ్లో పెట్టి మంచులోకి దిగిపోయింది.

"తిక్కది. దాని ఇంటి కత మనకెందుకు," అంది గంగాబాయి.

కామారెడ్డిలో డాక్టరు కాగితం ముందుకు జరిపాడు.

"ఇప్పుడైతే పాపకు ఏమీ గుర్తుండదమ్మా. సంతకం పెట్టి మీ ఆధార్ ఇవ్వండి."

రమ్య పాప దుప్పటి సర్దుతుంటే మడతలోంచి ఒక కార్డు జారింది. తనది కాదు. ఫొటోలో బొట్టు లేదు, జుట్టు పొట్టిగా ఉంది, ఒంటిమీద చొక్కా ఉంది. కళ్లు మాత్రం ఆ అవ్వవే.

బస్సులో నవ్వినందుకు రమ్యకు దుఃఖం ఆగలేదు. పెన్ను పక్కన పెట్టి పాపను గుండెకు అదుముకుంది.

"గుర్తుంటది సార్," అంటూ ఆ కార్డును కాగితం మీద పెట్టింది.

అవ్వ ఫొటో పక్కన 'సాయిలు, పురుషుడు' అని ఉంది.