ఆక్టోపస్ తాత సాక్ష్యం

“బొమ్మలో ఓ చెయ్యి తక్కువైంది మేడమ్!”

చివరి వరుసలోంచి వచ్చిన ఆ మాటకు రేవు గ్రంథాలయం హాలంతా ఘొల్లుమంది.

తెర మీద పాతకాలపు చిత్రం. రాక్షసి ఆక్టోపస్ ఒకటి తెరచాపల ఓడను పుల్లలా విరుస్తోంది. ప్రసంగిస్తున్న పరిశోధకురాలు వెనక్కి తిరిగి చేతులు లెక్కపెట్టింది. నిజమే, ఏడే ఉన్నాయి.

“మీరెవరండీ?”

“ఆక్టోపస్ తాత!” ముందు వరుసలోంచి అరిచారు. “దాన్ని కళ్లారా చూసొచ్చిన మొనగాడు!”

ముసలాయన సిగ్గుపడుతూ లేచాడు. చొక్కా నిండా నీలం మరకలు. పడవలకు రంగులు వేసి బతుకుతాడు.

ముప్పై ఏళ్ల కిందట ఐదుగురితో వెళ్లిన పడవ మునిగింది. నలుగురు పోయారు, ఇతనొక్కడే బతికొచ్చాడు. ఆక్టోపస్ పడవను లోపలికి లాక్కుపోయిందని ఆనాడు చెప్పాడు. ఇప్పటికీ అదే చెబుతున్నాడు.

“దాని చెయ్యి ఎంత ఉంటుంది తాతా?”

“తెరచాప కొయ్యంత తల్లీ.”

పరిశోధకురాలు నవ్వింది. సముద్రపు రాక్షసుల గురించి పుస్తకం రాస్తోంది. ఇలాంటి కథలు ఆమెకు కొత్త కాదు.

“సరిగ్గా కొలిచిన పెద్ద ఆక్టోపస్‌లు కూడా మామూలుగా ఈ చేతి కొస నుంచి ఆ చేతి కొసకు నాలుగైదు మీటర్లే. ఒంట్లో ఒక్క ఎముక ఉండదు. నీళ్లలోంచి బయటికొస్తే తడిగుడ్డలా కూలబడుతుంది. అది పడవను పట్టి లాగుతుందా?”

“మరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన రాక్షసి ముద్దలో?” ఎవరో అడిగారు.

“పరీక్ష చేసి చూస్తే తిమింగలం తోలు కింది పొర అని తేలింది.”

హాలంతా చప్పట్లు. ముసలాయన కూడా కొట్టాడు.

మెట్ల దగ్గర ఆమే అతన్ని పలకరించింది.

“అంతమందిలో అలా అన్నందుకు కోపం రాలేదా?”

“ఎందుకమ్మా? మీరు చదువుకున్నవారు. పుస్తకంలో నన్ను అబద్ధాలకోరని రాసుకోండి. నాలుగు నవ్వులకి నేనేం తరిగిపోను.”

“ఊరికే రాయను. పడవ మునిగిన చోట గజ ఈతగాళ్లను దింపి చూస్తాను.”

ముసలాయన ముఖంలో నవ్వు ఆరిపోయింది.

“నన్నేమైనా అనండి తల్లీ. పడవ జోలికి మాత్రం పోవద్దు. మీ చేతులు పట్టుకుంటాను.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే అనిపించింది ఆమెకు.

నెల తిరక్కుండా ఫోటోలు వచ్చాయి. రాతిగుట్ట పక్కన పడవ, అడుగు నిలువునా చీలి ఉంది. వాతావరణ కార్యాలయం రికార్డు తిరగేసింది. ఆ రోజు గాలి లేదు, అల లేదు. పట్టపగలు. రేవులో పసివాడికైనా తెలిసిన రాయి.

ఆదివారం పత్రికలో ఆమె వ్యాసం వచ్చింది. “ఆక్టోపస్ లేదు. రాయి ఉంది. మరి చుక్కాని ఎవరి చేతిలో ఉంది? చెప్పగలవాడు ఒక్కడే మిగిలాడు.”

పోయిన నలుగురి ఇళ్లూ ఒకే వీధిలో ఉన్నాయి. నాలుగిళ్ల పిల్లలూ ఒకే కంచంలో తిన్నట్టు పెరిగారు. ఆ కొడుకులంతా కలిసి పడవలు కట్టే చోటికి వెళ్లి ముసలాయన్ని నిలదీశారు.

“నిజం చెప్పు. ఎవరి చేతిలో ఉంది చుక్కాని?”

ముసలాయన కుంచెను డబ్బాలో పెట్టాడు. నాలుగు ముఖాలూ వరసగా చూశాడు.

“నా చేతిలోనే నాయనా. నిద్ర పట్టేసింది.”

ఆ మర్నాటి నుంచి అతనికి రంగు వేయమని ఎవరూ పడవ అప్పగించలేదు. ఆక్టోపస్ కథ చెప్పమని వెంటపడే పిల్లల్ని తల్లులు లోపలికి లాక్కున్నారు. ముప్పై ఏళ్ల కట్టుకథను తేల్చేసిందని పరిశోధకురాలికి మాత్రం ఉత్తరాల మీద ఉత్తరాలు వచ్చాయి.

వానలు మొదలయ్యేసరికి ముసలాయన పోయాడు. సాగనంపడానికి నలుగురైనా రాలేదని విని ఆమె నొచ్చుకుంది. చేసిన పని అలాంటిది మరి, అని సర్దిచెప్పుకుంది.

వారం తర్వాత ఆమె గదికి ఒక పెద్దావిడ వచ్చింది. గొడుగు గోడకు ఆనించి, కూర్చోకుండానే అడిగింది.

“మీ పుస్తకం అచ్చయిందా అమ్మా?”

“ఇంకా లేదు. వచ్చే వారం ప్రెస్సుకు పంపుతున్నాను.”

“అయితే అందులో ఒక మాట మార్చాలి.”

“మీరు?”

“పోయిన నలుగురిలో ఒకాయన భార్యని.”

పరిశోధకురాలు గబగబా లేచి కుర్చీ జరిపింది.

“మీ ఆయన్ని పొట్టన పెట్టుకున్నవాడి గురించి ఇంక మార్చడానికేముందండీ? తనే ఒప్పుకున్నాడు కదా.”

“ఒప్పుకున్నాడు. చొక్కా పట్టుకుని అడిగింది నా కొడుకే. నేను ఆ పక్కనే ఉన్నాను. నోరు పెగల్లేదు.”

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఊళ్లో అందరికీ కట్టుకథే చెప్పాడు కానీ, జరిగింది జరిగినట్టు ఒక్కరికే చెప్పాడమ్మా. నాకు.”

“ఏమని చెప్పాడు?”

“ఆ రోజు తాగి చుక్కాని మీదే నిద్రపోయింది మా ఆయన, ఒడ్డుకు చేరిన ఈయన ముందు మా గడపలోకే వచ్చి ఆ మాట చెప్పాడు, నిండుగా ఉన్న నా కడుపు చూశాడు, వీధిలోకి వెళ్లి ఆక్టోపస్ అన్నాడు.”