బోర్డు మీది మాట

“మళ్లా చెప్పుండ్రి. ఆసమ్ అంటే?”

“భయం, భక్తి రెండూ ఒక్కపాలే పుట్టించేది సార్!” అన్నారు ఏడో తరగతి పిల్లలు, పొద్దున్నుంచి పదోసారి.

సిద్దిరాములు పంతులు చెమట తుడుచుకున్నాడు. తిరుమలగిరి బడిలో నాలుగేళ్లుగా అతనిది టెంపరరీ కొలువే. ఈరోజు తనిఖీకొచ్చే దశరథం సాబు మంచిగా రాస్తే పక్కా అవుతుంది. లేదంటే మళ్లీ మగ్గం గుంతలోకి దిగడమే.

అది 1958. నెల రోజులుగా సాబు ఏ బడికి పోయినా ఈ ఒక్క ఇంగ్లీషు మాటే అడుగుతున్నాడని పంతుళ్లందరికీ తెలిసిపోయింది. ఒకాయన ‘అందమైన’ అన్నాడట. ఇంకొకాయన ‘ఎత్తయిన’ అన్నాడట. సాబు తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. రాసుకుని పోయాడట. సిద్దిరాములు సూర్యాపేట దాకా బస్సెక్కి, ఒక వకీలు ఇంట్లో డిక్షనరీ చూసి మరీ వచ్చాడు.

పదకొండింటికి సాబు జట్కా దిగాడు. నల్ల షేర్వాణీ. సిద్దిరాములు ఆయన మెడలో బంతిపూల దండ వేశాడు. సాబు హాజరు పుస్తకం మీద ఉర్దూలో దస్తఖత్ చేసి, సుద్దముక్క తీసుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కున్నట్టు ఆ మాటను బోర్డు మీద రాశాడు. నోటితో మాత్రం అనలేదు.

“మతలబ్ ఎవరు చెప్తరు?”

తరగతంతా ఒక్క గొంతుతో అప్పజెప్పింది.

“గది సరే.” సాబు షేర్వాణీ జేబు తడుముకున్నాడు. “గీ మాట పొగడ్తనా, తిట్టా? మిసాలు జెప్పుండ్రి.”

సిద్దిరాములు నేర్పింది అర్థం ఒక్కటే. మిసాలు, అంటే ఉదాహరణ, నేర్పలేదు. వెనక వరసలో సాలోళ్ల యాదమ్మ లేచి నిలబడింది.

“తిట్టు కాదు సారూ. మీరొస్తున్నరంటే మా సారు రాత్రి బువ్వ తినలే. అయినా పొద్దుగాల్నే లేసి మీకు దండ అల్లిండు. గట్ల చేపిచ్చేటోళ్లను గా మాటంటరు.”

కిసుక్కున ఎవరో నవ్వి నోరు మూసుకున్నారు. సిద్దిరాములుకు కళ్లముందు మగ్గం కనబడింది.

“పంతులూ, జర బయటికి రా.”

వరండాలో నిలబడి సాబు తనిఖీ పుస్తకంలో ఏదో రాసి చేతిలో పెట్టాడు. పక్కా చేయమని సిఫారసు! సిద్దిరాములు దండం పెట్టబోయాడు.

“ఆగు. పిల్ల చెప్పింది సహీయేనా? తిట్టు కాదు గద?”

“డిక్షనరీల చూసిన సాబ్.”

సాబు అటూ ఇటూ చూసి, జేబులోంచి నలిగిపోయిన హైదరాబాదు ఉత్తరం ఒకటి తీశాడు.

“మా పెద్దసాబు నా గురించి గీ మాటనే రాసిండు పంతులూ, నేనెవర్ని అడగాలె?”