మెనూ అంకుల్

భీమశంకర్ అనే ఆ ముసలాయన తన నోటి దగ్గర కూడు లాక్కోవడానికే అమెరికాలోని ఈ పార్సిప్పనీ ఊళ్ళో దిగాడని ఆదిశేషుకి గట్టి నమ్మకం.

లేకపోతే కూతురింట్లో ఆర్నెల్లు హాయిగా టీవీ చూసుకోక, రోజూ పొద్దున్నే నడుచుకుంటూ వచ్చి అనురాధ నడిపే కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్‌లో కూర్చోవడం ఎందుకు?

ఆ సెంటర్‌లో ఇరవై నాలుగు కంప్యూటర్లు. ప్రాజెక్ట్ దొరికేదాకా కన్సల్టెంట్లు కోర్సులు నేర్చుకునేది వాటి మీదే. జనవరి నుంచి ఒక్కోదాంట్లో దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్లు రెండు ఉన్నాయి, విండోసూ, లినక్సూ. ఆన్ చేయగానే ఏది కావాలో అడిగే మెనూ రావాలి.

ఆ మెనూ మొదట పెట్టింది ఆదిశేషు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, నర్సు ఉద్యోగం వచ్చిన భార్య పద్మ వెంట అమెరికా వచ్చి, పారేసిన కంప్యూటర్లు విప్పి విప్పి పని నేర్చుకున్న ఆదిశేషు.

నెలకో బ్యాచ్. బ్యాచ్ మారే ఆదివారం వచ్చి అన్నిట్లోనూ విండోస్ కొత్తగా ఎక్కిస్తాడు. విండోస్ తెర కనబడితే చాలు, పక్కదాని దగ్గరికి జరుగుతాడు. సోమవారం నుంచి గ్యాస్ స్టేషన్‌లో, అంటే పెట్రోల్ బంకులో పని.

జూన్ నుంచి నెలకి పన్నెండు వందల డాలర్ల మీద ఏడాది కాంట్రాక్ట్ ఇస్తానంది అనురాధ. ఆ మాట మీద గ్యాస్ స్టేషన్ ఓనర్‌కి మానేస్తున్నానని చెప్పేశాడు.

మే మొదటి సోమవారం, మర్చిపోయిన సీడీల పౌచ్ కోసం సెంటర్‌కి వచ్చాడు. ఏడో నంబరు మెషీన్ ముందు ముసలాయన. చుట్టూ కుర్రాళ్ళు.

"ఏంటి సంగతి?"

"ఏం లేదన్నా. మెనూ రావట్లేదు. అంకుల్ చిటికెలో తెప్పించేశారు," అన్నాడు కిరణ్‌కుమార్. ఉద్యోగం దొరక్క మూడు బ్యాచ్‌లుగా అదే కుర్చీలో ఉన్నాడతను.

"రాకపోవడమేంటి? పెట్టింది నేను."

"నువ్వు పెట్టిందే అన్నా. ఎటో పోయింది."

జాహ్నవి అనే అమ్మాయి నవ్వింది. "మేం అంకుల్‌కి పేరు కూడా పెట్టేశాం. మెనూ అంకుల్."

ఆదిశేషు రెండేళ్ళుగా వస్తున్నాడు. తనకి ఒక్కరూ పేరు పెట్టలేదు.

"ఏం చదువుకున్నారేంటి మీరు?" అన్నాడు ముసలాయనతో.

"ఏదో, కొంచెం బాబూ."

ఆ 'కొంచెం' ఇంకా మండించింది. బోలెడు చదివినవాళ్ళే అలా అంటారు. నిజంగా కొంచెం చదివినవాడు ఆ మాట ఎత్తడు.

తిన్నగా అనురాధ గదిలోకి వెళ్ళాడు.

"ఆ పెద్దాయన మెషీన్లు కెలుకుతున్నాడండీ. ఆయనే పాడుచేసి ఆయనే బాగుచేస్తున్నాడు."

"అంత పెద్ద మనిషికి అదేం పనండీ?"

"పనీ పాటా లేదు కదా. నలుగురూ అంకుల్ అంకుల్ అంటుంటే బాగుంటుంది. ఇంకొకరి చెయ్యి పడ్డ మెషీన్‌కి నేను పూచీ పడలేను. ఆయనో నేనో తేల్చండి."

అనురాధ బల్ల మీది రిపేర్ల రిజిస్టరు వంక ఒకసారి చూసింది. "మీరు ఎంత శ్రద్ధగా చేస్తారో నాకు తెలుసు. ఆయనకి నేను చెప్తాలెండి."

పార్కింగ్ లాట్‌లో ముసలాయన ఎదురయ్యాడు. లోపలి మాటలు వినబడినట్టున్నాయి. మొహంలో కోపం లేదు.

"బాబూ, ఒక్క మాట. విండోస్ ఎక్కించాక లినక్స్ సీడీ పెట్టి మెనూ మళ్ళీ రాయించాలి. ఏది చివర ఎక్కితే అదే గుమ్మంలో కూర్చుంటుంది. రెండోదాన్ని రానివ్వదు."

"నాకు పాఠాలు చెప్పకండి."

"సరే నాన్నా," అని రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

జూన్‌లో కొత్త బ్యాచ్. ముందు రోజు ఆదివారం ఆదిశేషు అన్నిట్లోనూ విండోస్ ఎక్కించాడు. లినక్స్ సీడీ ఒకసారి చేతిలోకి తీసుకున్నాడు. ఇది పెడితే ఆ ముసలాయన చెప్పినట్టు విన్నట్టే. తిరిగి పౌచ్‌లో పడేశాడు.

సోమవారం తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది.

ఇరవై నాలుగింట్లో ఒక్కదాంట్లోనూ మెనూ లేదు. అన్నీ తిన్నగా విండోస్‌లోకి పోతున్నాయి. లినక్స్ చెప్పే ఆయన గంట కూర్చుని వెళ్ళిపోయాడు. కొత్త కుర్రాళ్ళు ఫీజు వెనక్కి అడుగుతున్నారు.

"ఆ పెద్దాయనే ఏదో చేసి పోయాడండీ," అన్నాడు ఆదిశేషు, వచ్చీ రాగానే.

"ఆయన సెంటర్ గడప తొక్కి నెల దాటింది," అంది అనురాధ. "ఇక మీరు రానక్కర్లేదు. వేరే కంపెనీకి చెప్పాను."

"రెండేళ్ళు చేశాను మేడమ్. పెద్ద చదువులు లేవనేగా ఇలా తీసిపారేస్తున్నారు?"

ఆమె సెంటర్ రిపేర్ల రిజిస్టరు తీసి అతని ముందు తిప్పి పెట్టింది.

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే. ప్రతి నెలా మొదటి సోమవారం, పొద్దున ఏడున్నర. 'అన్ని మెషీన్లలో మెనూ పోయింది.' పక్కన, సరిచేసినవారు అన్న గడిలో, గుండ్రటి అక్షరాలతో 'ఆదిశేషు.'

"సోమవారాలు నేను రాలేదే," అన్నాడు ఆదిశేషు, గొంతు తగ్గించి.

"ఇది పెద్దాయన పని అని ఇవాళ కిరణ్‌కుమార్ చెప్పేదాకా నాకూ తెలీదు. పొద్దున్నే పరుగెత్తుకొచ్చి బాగుచేసి పోతున్నారనుకున్నాను. ఇది చూసే మీకు కాంట్రాక్ట్ ఇస్తానన్నాను."

"ఆయనెక్కడ?"

"శుక్రవారమే ఇండియా వెళ్ళిపోయారు."

ఆదిశేషు నాలుగు గడుల్లోనూ ఉన్న తన పేరు మళ్ళీ చదివాడు. భీమశంకర్ గారు నాలుగు నెలలు తన చేత్తో చేసి అతని పేరు మీద రాసిపెట్టిన ఆ పని విలువ, ఏడాదికి పద్నాలుగు వేల నాలుగు వందల డాలర్లు.