వాళ్ళ డాక్టరమ్మ

పెరుగన్నం మీద ఈగలు ముసురుతున్నాయి. సీజర్ వాసన కూడా చూడలేదు.

ధనమ్మ దాని పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. చెవుల వెనక పిడుదులు కరుచుకుని ఉన్నాయి.

కుక్కకి సీజర్ అన్న పేరు ఆమె భర్త నరసింహారావు పెట్టింది. సర్పంచి ఎన్నికల్లో ఓడిపోయిన ఏడాది హైదరాబాదు నుంచి ఆ రాట్‌వీలర్‌ని తెప్పించాడు. అరుగు మీద పదిమందిలో కూర్చున్నప్పుడు పక్కన అలాంటిది ఉంటే హోదాగా ఉంటుందట.

దానికి అన్నం పెట్టేదీ, ఒళ్ళు కడిగేదీ, ఉరుముకు వణికితే పక్కన పడుకోబెట్టుకునేదీ ధనమ్మ. ఆమెకది బుడ్డోడు.

ఊళ్ళో పశువుల డాక్టరమ్మ అంజుమ్ కిరాణా కొట్టు దగ్గర కనిపిస్తే ధనమ్మ సంగతి చెప్పింది.

"పిడుదుల జ్వరంలా ఉంది పిన్నిగారూ. ఇప్పుడే తీసుకురండి. రక్తం చూసి మందు మొదలుపెడితే బతుకుతుంది. ఆలస్యమైతే నేనేమీ చెయ్యలేను."

ఆ మాట ఇంట్లో చెప్పగానే నరసింహారావు మొహం చిట్లించాడు.

"ఆమె గురవయ్య మేడ మీద అద్దెకుంటది."

"ఉంటే ఏందయ్యా?"

"ఏందంటావేందే? వాళ్ళ మనిషి. మన కుక్కకి ఏం సూది ఏసిద్దో ఎవురికి తెలుసు?"

"పైసా కూడా తీసుకోదు."

"ఊరికే చేసే వైద్యానికి నా కుక్కని పంపియ్యాలా?"

గురవయ్య అంటే ఇతన్ని ఓడించినవాడు. అతని మేడకు అద్దె కట్టిన పాపానికి ఆ పిల్ల చదివిన చదువంతా అవతలి పార్టీలో కలిసిపోయింది. ఈ ఊరి మగవాళ్ళ బుర్రలు ఇంతకంటే దూరం నడవవు. టీ తాగడానికి కూడా రెండు పార్టీలకు రెండు కొట్లు. రెండింట్లోనూ నీళ్ళ టీయే.

గుంటూరులో 'మనోడు' ఒకడు కుక్కల క్లినిక్ పెట్టాడు. మండల నాయకుడి బామ్మర్ది. అంతకు మించి అర్హత ఏం కావాలి? అక్కడికే తీసుకెళ్ళారు.

ఏసీ గదిలో సీజర్‌కి షాంపూ పెట్టి స్నానం చేయించారు. గోళ్ళు కత్తిరించారు. కొత్త బెల్టు అంటగట్టారు. అజీర్తి అని చెప్పి ఒక సీసా చేతిలో పెట్టారు. రక్తం మాత్రం ఎవరూ చూడలేదు.

బిల్లెంతయిందో నరసింహారావు అరుగెక్కిన ప్రతివాడికీ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఒక వెయ్యి పెరిగింది.

రెండోరోజు పొద్దున సీజర్ లేవలేదు. ముక్కులోంచి రక్తం కారుతోంది.

మళ్ళీ కారు తీశారు. మళ్ళీ గుంటూరే. మరిది కొడుకు పవన్ నడుపుతున్నాడు. ముందు సీట్లో నరసింహారావు. వెనక ధనమ్మ, ఆమె ఒళ్ళో దాని తల.

ఊరు దాటకముందే పశువుల ఆసుపత్రి వస్తుంది. గేటు దగ్గర గేదెలు అడ్డొస్తే పవన్ కారు నెమ్మది చేశాడు. వరండాలో దూడకు సూది వేస్తున్న అంజుమ్ తలెత్తి కారు వైపు చూసింది.

"ఆపరా పవనూ," అంది ధనమ్మ.

"పోనీరా," అన్నాడు నరసింహారావు.

"నీకు దణ్ణం పెడతానయ్యా. ఒక్క సూది."

"ఆ మెట్లెక్కితే రేపు ఓట్లకి ఏ మొహం పెట్టుకుని పోను? కుక్క కోసం గురవయ్య కాళ్ళు పట్టుకున్నాడంటారు. పోనీరా అంటే!"

పవన్ పోనిచ్చాడు. నరసింహారావు అద్దం పైకెత్తుకున్నాడు.

ధనమ్మ తలుపు మీద చెయ్యి వేసింది. ఒళ్ళో ఉన్నది దాదాపు తనంత బరువు. దాన్ని వదిలి దిగలేక, ఎత్తుకుని దిగలేక, అలాగే కూర్చుండిపోయింది.

పిడుగురాళ్ళ దాటాక, సున్నపు లారీల వరసలో కారు ఇరుక్కున్నప్పుడు బుడ్డోడి ఊపిరి ఆగిపోయింది.

కాసేపటికి గానీ ముందున్న ఇద్దరికీ ఆమె చెప్పలేదు.

మర్నాటికి వీధి మొగలో ఫ్లెక్సీ లేచింది. 'మా ఇంటి సింహానికి కన్నీటి నివాళి.' మూలన చిన్నగా కుక్క. నిలువెత్తున నరసింహారావు, చేతులు జోడించి. కింద వరసగా అభిమానుల తలకాయలు.

పరామర్శలు మొదలయ్యాయి. మనిషి పోయినా ఇంతమంది రారు. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి మరి.

సాయంత్రం గురవయ్య వచ్చాడు, గులాబీల దండతో.

ధనమ్మ గుమ్మంలోంచి చూస్తోంది. ఇంక అరుగు మీద రక్తాలు కారతాయనుకుంది. నరసింహారావు లేచి ఎదురెళ్ళాడు. తన కుర్చీనే కండువాతో దులిపి వేశాడు.

"చానా బాధేసింది బావా," అన్నాడు గురవయ్య. "నాకొక్క కబురు పెడితే డాక్టరమ్మని మీ ఇంటికే పంపేవాణ్ణి గదా."

"భలేవాడివి బావా! కుక్క కోసం నిన్ను ఇబ్బంది పెట్టేదేంది?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఎవరో ఫోన్లో ఫోటో తీశారు.

ధనమ్మకు అసహ్యం పుట్టింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి మూర్ఖుడే కానీ పౌరుషం ఉన్నవాడనుకుంది. అదీ లేదు. ఊరికే, నిజమైన పగ కూడా లేకుండానే, దాన్ని చంపేశాడు.

"ఏమే! బావకి కాఫీ పట్రా!"

ధనమ్మ గుమ్మం దాటి అరుగు మీదికి వచ్చి నిలబడింది.

"పాలు లేవు," అంది, అందరికీ వినపడేట్టు.

దొడ్లో రెండు గేదెలు పాడి మీద ఉన్నాయని అక్కడ కూర్చున్న వాళ్ళందరికీ తెలుసు.