ఏమీ అమ్మని మనిషి

ముసలాయన గుడ్డతో కుట్టిన కుక్కబొమ్మను ఒళ్ళో పెట్టుకుని, దాని గొంతు కింద రెండు బొటనవేళ్ళూ ఆనించాడు.

"బంతి ఇరుక్కుంటే నోట్లో వేళ్ళు పెట్టి లాగకండి. జారి ఇంకా లోపలికి పోతుంది. బయటి నుంచే, ఇదిగో, బంతి వెనక చేరి నోటివైపు తొయ్యాలి."

వీధి మలుపులో జనం మూగారు.

"చూస్తూ ఉండండి, ఇప్పుడు తీస్తాడు సీసా," అన్నాడు ఇస్త్రీ అతను.

ముసలాయన సీసా తియ్యలేదు. పొట్లమూ తియ్యలేదు.

"అప్పటికీ రాకపోతే వెనక కాళ్ళు పైకెత్తి, రెండు భుజాల మధ్య అరచేత్తో ఐదు చరుపులు. మళ్ళీ గొంతు దగ్గరికి."

"ఇంతకీ ఏం అమ్ముతావు పెద్దాయనా?"

"ఏమీ లేదు బాబూ."

జనానికి అనుమానం వచ్చింది. అమ్మేవాడైతే బేరమాడొచ్చు, లేదంటే పొమ్మనొచ్చు. ఏమీ అమ్మనివాణ్ణి ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు.

ఎదురుగా టైలరమ్మ కొట్టు. ఆమెకు రెండు చెవులూ దాదాపు పోయాయి. కొత్త చెవులు గుమ్మంలో పడుకుని ఉంటాయి. నల్లటి కుక్క, వచ్చేపోయేవాళ్ళను పైనుంచి కిందికి చూస్తుందని వీధి వాళ్ళు పెట్టిన పేరు మేనేజరు. ఎవరైనా మెట్టెక్కితే వెళ్ళి ఆమె మోకాలిని ముక్కుతో పొడుస్తుంది. అది లేని రోజున, మిషను మీద వంగిన టైలరమ్మకు వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయినా తెలియదు. అట్లా కొట్టు ఎన్నాళ్ళు నడుస్తుంది?

ముసలాయన మెట్టెక్కాడు. మేనేజరు తన పని తాను చేసింది.

"అమ్మా, మీ కుక్క ఆడుకునే బంతి ఒకసారి చూపిస్తారా?" గట్టిగా అడిగాడు.

"నా కుక్క బంతి నీకెందుకు పెద్దాయనా? గుమ్మానికి అడ్డం లే. పని మీద వచ్చేవాళ్ళు వస్తుంటారు."

ఆయన బొమ్మను చంకలో పెట్టుకుని దిగిపోయాడు. మళ్ళీ ఆ వీధికి రాలేదు.

ఇస్త్రీ అతనికి మాత్రం బాగా పనికొచ్చాడు. దిండు గలీబులో చొక్కాలు కూరి, దాని గొంతు కింద బొటనవేళ్ళతో తోసి, వెనక కొసలు పైకెత్తి ఐదు చరిచి, "జారి లోపలికి పోతుంది బాబూ" అని ఆయన గొంతుతోనే రోజూ ఆడి చూపించేవాడు. వీధంతా కడుపు పట్టుకుని నవ్వేది. టైలరమ్మకు మాట వినపడదు. చేతులు చూసి నవ్వేది.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఆమె భుజం మీద చెయ్యి పడింది. ఉలిక్కిపడి చూస్తే ఇస్త్రీ అతను. మోకాలికి ఏమీ తగలకుండానే మనిషి లోపలికి వచ్చేశాడు.

"అక్కా, మేనేజరు..."

మేనేజరు గుమ్మంలో ముందు కాళ్ళతో మూతి గీరుకుంటోంది. చప్పుడు లేదు. నాలుక నీలంగా మారింది. చూస్తుండగానే పక్కకు ఒరిగింది.

అతను దాని నోట్లోకి వేళ్ళు పోనివ్వబోయాడు. టైలరమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"రోజూ చూపించింది నువ్వే గదరా. కాళ్ళు ఎత్తు."

ఎత్తాడు. ఆడి చూపించినవాడు ఆట మరిచిపోయాడు. చూసి నవ్వినావిడకు చేతులన్నీ గుర్తున్నాయి. గొంతు కింద బొటనవేళ్ళు పెట్టి తోసింది. రాలేదు. భుజాల మధ్య ఐదు చరిచింది. రాలేదు. మళ్ళీ గొంతు.

ఎర్రటి రబ్బరు బంతి జొల్లుతో సహా వచ్చి మెట్ల మీద పడింది.

పశువుల డాక్టరు చూసి, గొంతు కాస్త కమిలిందంతే అన్నాడు. మర్నాడు పొద్దున ఇస్త్రీ అతను పనిలేకపోయినా రెండుసార్లు మెట్టెక్కి దిగాడు. రెండుసార్లూ ఆమె మోకాలికి ముక్కు తగిలింది.

"ఆ పెద్దాయన ఎవరో అక్కా," అన్నాడు ఆమె చెవి దగ్గర నోరు పెట్టి.

"ఏం అమ్ముతావని అడిగాం. ఎవరివని అడిగామా?"

రెండు వారాలు చుట్టుపక్కల వీధులన్నీ వెతికారు. కనపడలేదు.

చివరికి టైలరమ్మ బంతిని పట్టుకుని బొమ్మల కొట్టుకు పోయింది.

"కుక్క గొంతులో సరిగ్గా ఇరుక్కునే కొలతలో చేశారేంరా దీన్ని? చేసినవాడు కనపడితే చెవులు మెలేద్దును."

బొమ్మల కొట్టతను బంతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆమెకు వినపడేలా గొంతు పెంచాడు.

"ఇది పాత సరుకు అక్కా. తన బంతి వల్లే ఏదో కుక్క పోయిందని చేసినాయన కార్ఖానా మూసేసి, మిగిలినవన్నీ ఊరూరా తిరిగి తనే ఏరుకుంటున్నాడు. నా దగ్గరవి పట్టుకుపోతుంటే, ఒకటి నీ దగ్గర ఉందని కూడా చెప్పి పంపాను. చంకలో కుక్కబొమ్మతో ఒక పెద్దాయన, నీ దగ్గరికి రాలేదా?"